గేటు బీగంచెవి అడిగిన ఆమె

మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలో నేను మేనేజరుగా ఉన్న టమాటా ఫ్యాక్టరీ వెనక ఆమెకు ఎకరా చేను ఉండేది. ఎవరేం చెప్పినా నమ్మినట్టే తలూపి, "అట్లనా అప్పా, అయితే..." అని చెయ్యి చాపేది.

ఫ్యాక్టరీ మా నాయకుడిది. కాగితాల్లో మాత్రం బావమరిది పేరు. సర్కారు భూమిని చవగ్గా ఇప్పించిందీ ఆయనే. ప్రహరీ కట్టిస్తూ, ఆమె చేనికి పోయే బాటను కూడా లోపల కలిపేసింది మాత్రం నేను.

ప్రారంభోత్సవం నాడు నాయకుడు మైకులో, "ఈ ఫ్యాక్టరీ నాది కాదు, మీది!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆమె లేచి నిలబడింది.

"అట్లనా అప్పా, అయితే గేటు బీగంచెవి ఇయ్యి. మా చేనికి దావ ఆడనే ఉండాది."

షామియానా అంతా నవ్వులే. నాయకుడికీ నవ్వక తప్పలేదు. "ఇచ్చెయ్యవయ్యా!" అని నాకు కన్ను గీటాడు. అర్థం చేసుకుని, జేబులో ఉన్న మా ఇంటి తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను. అంత తెలివి నాది.

మర్నాడు పొద్దున్నే రెండు గేదెలతో గేటు దగ్గర నిలబడి ఉంది.

"ఇది పట్టలేదప్పా. మీ ఇంటిదేమో సూడు. పాపం, రేత్రి యాడ పండుకుంటివో!"

వాచ్‌మన్ పగలబడి నవ్వాడు. సిగ్గుతో నాకూ నవ్వొచ్చింది. అసలు తాళంచెవి ఇచ్చేశాను. తర్వాత నాయకుడు తిట్టిన తిట్లు ఇప్పుడు ఒక్కటీ గుర్తు లేదు.

ఆమె గేటు తీసింది. ఎదురుగా లారీ.

"ఓ అప్పా, దాన్ని పక్కకు తీయమను. నా ఎనుములు బెదురుతాయి."

నేనే పరిగెత్తి తీయించాను.