దిమ్మ పక్కన మనిషి

మా బీరువా అడుగు అరలో మూరెడు పొడవు ఇనప చువ్వ ఒకటి ఉంది. ఒక చివర మొనదేలి ఉంటుంది, రెండో చివర వంచి గుడ్డ చుట్టి ఉంటుంది. దానికి ఇంకా బెల్లం వాసన వస్తుందని నేనంటే మా అమ్మాయి నమ్మదు, తుప్పు వాసనమ్మా అంటుంది. తుప్పు వాసనే కావచ్చు. కిందటి వానాకాలంలో మా పెద్దమ్మ పోయాక ఆవిడ సామానులో నేను అడిగి తెచ్చుకున్నది అదొక్కటే.

పెద్దమ్మ అంటే మా నాన్న అన్నగారి భార్య. పెదనాన్న చిన్న వయసులోనే పోవడంతో చెరకు సాగూ బెల్లం వంటా ఆవిడే చూసుకునేది. అనకాపల్లి నుంచి సబ్బవరం వెళ్లే దారికి లోపలగా ఉండేది మా ఊరు. చలికాలం వచ్చిందంటే ఊరంతా ఎండిన చెరకు పిప్పి కాలే పొగ, పెద్ద పెనంలో మరిగే రసం, ఆ రసం మీద తేలే మడ్డి తీసి పారబోసిన చోట ముసిరే ఈగలు. పిల్లలం చిలకడదుంపలకి తాడు కట్టి మరిగే రసంలో వేలాడదీసి, ఉడికాక ఊదుకుంటూ తినేవాళ్లం. నాలుక కాలినా పైకి చెప్పేవాళ్లం కాదు, చెబితే మర్నాడు బెల్లం వండే పాక దగ్గరికి రానివ్వరని. చిమ్మిలికీ, ఉగాది ముందొచ్చే కొత్త అమావాస్య బూరెలకీ పెద్దమ్మ ఒక బెల్లం దిమ్మ విడిగా దాచేది. అది అన్నిట్లోకీ మంచిదై ఉంటుందని అనుకునేదాన్ని. కాదని తర్వాత తెలిసింది. మంచిది బజారుకి వెళ్లేది, ఇంట్లోకి రెండో రకం.

ఒకసారి నన్ను బెల్లం బజారుకి తీసుకెళ్లింది. వరసగా దిమ్మలు, వాటి పక్కన రైతులు. కొనేవాళ్ల మనిషి వచ్చి ఏదో ఒక దిమ్మలోకి చువ్వ దించి, మొనకి అంటిన బెల్లం చూసేవాడు. పైన పచ్చగా ఉండి లోపల నల్లగా ఉంటే అక్కడే తేలిపోయేది. ఆ సమయంలో రైతు పక్కనే ఉండాలి, అది అక్కడి పద్ధతి. కొందరు టీ తాగే వంకతో అటు తప్పుకునేవారు. పెద్దమ్మ మాత్రం కొంగు బిగించి దిమ్మకి ఆనుకునే నిలబడేది. ఇంటి దగ్గరే తన చువ్వతో ముందుగా చూసుకుని బయల్దేరేది కాబట్టి ఆవిడకి బెదురు ఉండేది కాదు.

నేను ఏడో తరగతి చదువుతున్న ఏడాది వానలకి గెడ్డ పొంగింది. వాగుని మా వైపు గెడ్డ అంటారు. ఎండాకాలంలో ఆ ఇసకలో చెలమలు తవ్వి, పిచ్చుక గూళ్లు కట్టి, మధ్యాహ్నమంతా అక్కడే గడిపేవాళ్లం. వానల్లో మాత్రం దాని దగ్గరికి పెద్దవాళ్లు కూడా వెళ్లేవారు కాదు. హైస్కూలు గెడ్డ అవతల ఉండేది. అంతకు ముందు ఏడాది ఎనిమిదో తరగతిలో చేరిన ఇద్దరాడపిల్లలు నడుములోతు నీళ్లలో పుస్తకాలు పోగొట్టుకుని వచ్చి మళ్లీ బడికి పోలేదు. మా నాన్న నాతో తేల్చి చెప్పేశాడు. "కల్వర్టు పడితే ఎనిమిదో తరగతి. నేకపోతే ఇంటికాడే."

కల్వర్టు కట్టిస్తానని ఎన్నికల్లో చెప్పినవాడు మా ప్రెసిడెంటు. సర్పంచిని మా ఊళ్లో అలాగే అనేవారు. వరసకి పెద్దమ్మకి తమ్ముడు, పిన్నమ్మ కొడుకు. ఇల్లిల్లూ తిరిగి అతనికి ఓట్లడిగింది కూడా పెద్దమ్మే. ఆ ఎండాకాలం కంట్రాక్టరు వచ్చి పని మొదలుపెట్టాడు. బడులు తెరవడానికి ఇంకా నెల ఉండగానే కల్వర్టు లేచింది, సున్నం కూడా వేశారు. రోజూ వెళ్లి దాని మీద అటూ ఇటూ నడిచి వచ్చేదాన్ని.

ఒకరోజు పెద్దమ్మ గడ్డిమోపు ఆ కల్వర్టు పిట్టగోడ మీద దించుకుని, మళ్లీ ఎత్తుకోబోతూ అరచెయ్యి చూసుకుంది. చేతికి ఇసక అంటింది. ఇంటికొచ్చి చువ్వ తీసింది. మా నాన్న అడ్డం పడ్డాడు.

"వదినా, ప్రెసిడెంటు మనోడే గదా. నలుగురిలో ఏటి అడుగుతావు?"

"మనోడు కాబట్టే అడుగుతాను. పరాయోడికి నా మాటెందుకు?"

మర్నాడు పొద్దున్న పూలదండలతో ప్రారంభం. మైకు లేదు, అరటిపళ్లు ఉన్నాయి. ప్రెసిడెంటు రెండు మాటలు మాట్లాడి బండి ఎక్కబోతుంటే పెద్దమ్మ పిలిచింది.

"తమ్ముడూ, ఒక్కసారి ఇలాగొచ్చి ఈ గోడ పక్కన నిలబడు."

"ఏటప్పా, ఫొటో తీత్తావేటి?" అన్నాడతను నవ్వుతూ. అప్ప అంటే అక్క.

"నిలబడు సెప్తాను."

అతను నిలబడ్డాక, బజార్లో చూసినట్టే, చువ్వ మొన గోడకి ఆనించి నొక్కింది. జానెడు లోపలికి దిగింది. బయటికి తీస్తే వెనకాలే ఇసక జలజలా రాలింది. ఆ చువ్వ దిగినంత మేరా నా ఎనిమిదో తరగతి కూడా దిగిపోయినట్టే అనిపించింది నాకు.

"పదిమందిలో పరువు తీసేసేవప్పా," అన్నాడతను చిన్న గొంతుతో.

"నా దిమ్మకి సువ్వ గుచ్చినప్పుడు నేను పక్కనే ఉంటాను. ఒకపాలి నల్లగా వచ్చింది, అప్పుడూ ఉన్నాను. పరువెక్కడికీ పోనేదు."

"నేను కట్టేనేటి? కంట్రాక్టరు కట్టేడు."

"ఓటు కంట్రాక్టరికి ఏసేనా, నీకేసేనా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దమ్మ అటు తిరిగి చూసేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. ఆవిడ అతన్ని నవ్వులపాలు చెయ్యడానికి రాలేదని నాకు అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడు అర్థమవుతోంది.

ప్రెసిడెంటు కాసేపు ఆ ఇసక వైపు చూశాడు. "బడి తెరిసేలోగా మళ్లీ కట్టిత్తాను," అన్నాడు.

ఆ మర్నాటి నుంచి నెత్తిన తువ్వాలు వేసుకుని పొద్దున్నే గెడ్డ దగ్గర కూచునేవాడు. కంట్రాక్టరు చేతే గోడలు పడగొట్టించి మళ్లీ కట్టించాడు. తడి ఆరకుండా నీళ్లు తనే పోయించాడు. బడి తెరవడానికి రెండు రోజుల ముందు అతనే మా గుమ్మంలోకి వచ్చాడు.

"అప్పా, సువ్వ అట్టుకుని రా."

ఊరంతా వెళ్లాం. చెప్పకుండానే గోడ పక్కన నిలబడ్డాడు. చువ్వ దిగలేదు. ఆవిడ మళ్లీ గట్టిగా నొక్కింది, మొన పక్కకి జారి చిన్న గీత మాత్రం పడింది. పెద్దమ్మ కొంగు ముడిలోంచి బెల్లం ముక్క తీసి అతని చేతిలో పెట్టింది. ఆ ముక్క ఇంట్లో దాచిన రెండో రకం కాదు.

నేను ఎనిమిదిలో చేరాను. పుస్తకాలు పోగొట్టుకున్న ఆ ఇద్దరూ మళ్లీ వచ్చి నా పక్కన కూచున్నారు. ఆ తర్వాత మా ఊళ్లో నూతి చప్టా వేసినా, బడికి గది కట్టినా, పని అయ్యాక ప్రెసిడెంటు దాని పక్కన నిలబడటం, ఎవరేం అడిగినా జవాబు చెప్పడం అలవాటైపోయింది. మళ్లీ ఎన్నికలు వచ్చినప్పుడు అతను ప్రతి ఇంటి ముందూ ఒకే మాట అన్నాడు: "మీరు పిలిత్తే వచ్చేను. నిలబడ్డాను." గెలిచాడు.

పెద్దయ్యాక నేను చాలా ఏళ్లు బడిలో సోషల్ చెప్పాను. ప్రజాప్రతినిధుల బాధ్యత అన్న పాఠం వచ్చినప్పుడల్లా పుస్తకం మూసి ఈ చువ్వ సంగతి చెప్పేదాన్ని. చట్టాలు కావాలి, అర్జీలు కావాలి, కాదనను. కానీ గెలిచిన మనిషి తను చేయించిన పని పక్కన కాసేపు నిలబడాలి, ఓటు వేసినవాళ్లు తిట్టకుండా, నవ్వకుండా, వదలకుండా అడగాలి. ఇది జరిగే పనే. చదువురాని మా పెద్దమ్మ చేసి చూపించింది.

ఇప్పుడు ఆ కల్వర్టు లేదు, రోడ్డు వెడల్పులో పోయింది. దాని చోట ఉన్న వంతెనకి చాలామంది పేర్లున్న రాయి ఒకటి ఉంది. బెల్లం వండే పాకలూ ఊళ్లో మిగల్లేదు. ప్రారంభాలకి వచ్చినవాళ్లు రిబ్బన్ కత్తిరించి, ఫొటో అవగానే కారెక్కుతున్నారు, మనం చప్పట్లు కొడుతున్నాం.

అనకాపల్లిలో మా వీధి మురికికాలవ పని మొన్న పూర్తయింది. రేపు పొద్దున్న ప్రారంభం. కార్పొరేటర్‌కి ఫోన్ చేసి, రిబ్బన్ అయ్యాక ఒక పావుగంట కాలవ పక్కన ఉండాలండీ అన్నాను. ఎందుకు మేడమ్ అని అడిగాడు. పెద్దమ్మ కథంతా చెప్పాను. అంతవరకు పట్నం తెలుగు మాట్లాడిన మనిషి, "వత్తానండి, నిలబడతాను," అన్నాడు.

ఎదురింటి ఆవిడ ఇది విని, ఆయన మనవాళ్లే కదండీ, ఎందుకొచ్చిన గొడవ అంది. అందుకేనమ్మా అన్నాను. చువ్వకి చుట్టిన పాత గుడ్డ తీసి కొత్తది చుట్టాను. గుమ్మం పక్కన పెట్టుకున్నాను.