ఖర్జూరం తోటలో దింపుడుకల్లం

కరోనాతో విమానాలు ఆగిపోయిన ఎండాకాలం అది. గల్ఫ్‌లోని రాస్ అల్ ఖైమాలో, ఒంటెకు కూడా వడదెబ్బ తగిలే ఒక ఖర్జూరం తోటలో నేను డ్రైవర్ని, పోశన్న చెట్లెక్కే కూలీ. మా జగిత్యాల దిక్కు పోశన్న డప్పుకు ఆడనిదే పాడె కదిలేది కాదు. ఆయన వచ్చేదాకా శవాలు కూడా ఓపిక పట్టేవి.

ఓ సాయంత్రం ఊళ్లో ఆయన తమ్ముడు లచ్చయ్య పాడె లేచింది. వీడియో కాల్‌లో డప్పు వినగానే పోశన్న చెప్పులు విడిచి ఇసుకలో ఆడసాగాడు. నడుమ నెట్ పోయింది.

“నువ్వు కొట్టురా, లేకుంటే తమ్ముడు ఆగిపోతడు,” అన్నాడు. నేను నీళ్లడబ్బా బోర్లించి అరేబియా అదిరేలా వాయించాను.

చప్పుడు విని తోట మేనేజరు, మేం ముదీర్ అనేవాళ్లం, నవ్వుతూ వచ్చాడు. “ముబారక్. షాదీ కిస్కీ?”

“షాదీ నై సాబ్, భాయ్ కా జనాజా,” అన్నాడు పోశన్న, అడుగు ఆపకుండా. ముదీర్ నవ్వు ముఖమ్మీదే ఎండిపోయింది.

“మన ఊరి రైస్ మిల్లు దాటినం,” అన్నాడు పోశన్న. కాసేపటికి, “దింపుడుకల్లం వచ్చింది, ఆపు,” అన్నాడు. పాడె దించి, పోయినవాళ్లను చెవిలో పిలిచే చోటది. సిగ్నల్ లేని ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని పిలిచాడు. “లచ్చిగా... అరే లచ్చిగా.”

జవాబు వస్తుందేమోనన్నట్టు నేనూ ముదీరూ కదలకుండా నిలబడ్డాం.

ఏదైనా పెంచి చెప్పడం నా జబ్బు. ఆ పిలుపుకు మాత్రం ఒక్క అక్షరం కలపలేదు.