ఐదో గాయం

బాపట్లలో మా సందు మొదట్లో ఒక ఇస్త్రీ బండి ఉంటుంది. మొన్న పొద్దున నేను డ్యూటీకి వెళ్తుంటే ఆ బండతను ఫోన్లో మాటల్లో పడి ఇస్త్రీ పెట్టెను చీర మీదే మరిచిపోయాడు. నూలు గుడ్డ కమిలిన వాసన గుప్పుమంది. అది ఎవరి చీరో నాకు తెలియదు గానీ నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. పదిహేనేళ్లుగా ఆపరేషన్ థియేటర్లో పనిచేస్తున్నాను, నెత్తురు చూసి బెదరను. ఆ వాసన తగిలితే మాత్రం ఇప్పటికీ బెదురుతాను. దాని వెనకే దీవెనమ్మ గారు గుర్తొస్తారు, ముక్కు మీదికి జారిన కళ్లద్దాల పైనుంచి నన్నే చూస్తూ.

తెనాలిలో నేను మొదట చేరిన ఆసుపత్రిలో ఆవిడ థియేటర్ సిస్టర్. రేపల్లె మనిషి. ఆదివారం చర్చిలో పాటలు పాడే ఆ గొంతు మిగతా ఆరు రోజులూ మమ్మల్ని కేకలేయడానికి పనికొచ్చేది. ఆపరేషన్‌కు ముందు, తర్వాత గుడ్డలూ సూదులూ కత్తెరలూ పైకి లెక్కపెట్టాల్సిందే. మనసులో లెక్కపెట్టుకున్నామంటే ఊరుకునేవారు కాదు. నాది అమృతలూరు. నర్సింగ్‌లో మంచి మార్కులు వచ్చాయన్న పొగరు అప్పట్లో నాకు బాగానే ఉండేది. "అమ్మాయ్, నీ చదువంతా నోట్లోనే ఉంది. చేతుల్లోకి ఎప్పుడు దిగుద్ది?" అనేవారు. ఆవిడంటే భయం కంటే కోపమే ఎక్కువగా ఉండేదని ఒప్పుకోవాలి.

ఆ రోజు బల్ల మీద ఉన్నది భట్టిప్రోలు నుంచి వచ్చిన నాగమణి. పొలం పనులకు వెళ్లే మనిషి, పిత్తాశయంలో రాళ్లు. పెద్ద కోత లేకుండా పొట్ట మీద నాలుగు చిన్న బెజ్జాలు పెట్టి, కెమెరా గొట్టంతో చేసే ఆపరేషన్. నాట్లు వేసే వేళకు లేచి తిరుగుతావని డాక్టర్ గారు ముందే ధైర్యం చెప్పారు. ఆ గొట్టానికి వెలుతురు అందించే తీగ ఒకటి ఉంటుంది. చూడ్డానికి తెల్లటి దీపం, కొస మాత్రం నిప్పు. తీగ విప్పే ముందే లైటు ఆపించాలని, వెలుగుతున్న తీగను మనిషి మీద పెట్టకూడదని దీవెనమ్మ గారు రోజూ చెప్పేవారు. రోజూ చెప్పడం వల్లే నేను వినడం మానేశాను. ఆపరేషన్ చక్కగా అయింది. నా చురుకుదనం అందరికీ చూపించాలని గబగబా తీగ విప్పి, నాగమణి మీద కప్పిన ఆకుపచ్చ గుడ్డ మీద పడేసి, కత్తెరలు సర్దుతూ నిలబడ్డాను.

"ఏదో కాలుతోంది!" అని దీవెనమ్మ గారు గుమ్మం దగ్గర నుంచి అరిచారు. మేము తలలు తిప్పేలోగా వచ్చి లైటు ఆపి, తీగ తీసి, గుడ్డ ఎత్తారు. బొడ్డుకు ఎడమ పక్కన, సీసా మూత అంత, చర్మం తెల్లగా కమిలి ఉంది. డాక్టర్ గారు ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు. కాలినచోట సెలైన్ పోయించి, కట్టుకు ఏం వాడాలో చెప్పి, "మెలకువ వచ్చాక నేను మాట్లాడతాను సిస్టర్" అన్నారు. "మీరూ మాట్లాడుదురు గానీ సార్. ముందు ఈ పిల్ల చెప్పాలి" అన్నారావిడ.

చేతులు కడుక్కునే చోట నేను ఆవిడ వెంటపడ్డాను. "ప్లాస్టర్ పీకేటప్పుడు చర్మం లేచిందని చెబుదాం సిస్టర్, చిన్నదే కదా" అన్నాను. తిడతారనుకున్నాను. ఆవిడ కుళాయి కట్టేసి నా వైపు తిరిగారు. "నాలుగు గాయాలు డాక్టర్ గారివి. వాటికి ఆమె ఒప్పుకుని సంతకం పెట్టింది. ఐదోది నీది. దానికి ఎవరు ఒప్పుకున్నారు?" నాకు ఏడుపొచ్చేసింది. ఉద్యోగం పోతుందేమోనన్నాను. "పోతే నేనూ వచ్చేస్తా పద. రేపల్లెలో ఇడ్లీ కొట్టు పెట్టుకుందాం" అన్నారు. ఆ ఏడుపులోనే నాకు నవ్వూ వచ్చింది.

సాయంత్రం వార్డులో ఆవిడ నా పక్కనే నిలబడ్డారు, ఒక్క మాట కూడా అందించలేదు. నేనే చెప్పాను. నాగమణి అత్తగారు సీతారావమ్మ మంచం దిగి నా మీదికొచ్చింది. "రాళ్లు తియ్యమని తీసుకొస్తే వాతలు పెట్టి పంపిస్తారా? నీ చేతులకేం పుట్టిందే?" అంది. నాగమణి మాత్రం నీరసంగా, "నాట్లకి తగ్గుద్దా అండీ?" అని అడిగింది. ఆ అత్త తిట్లన్నీ ఒక ఎత్తు, ఈ ఒక్క ప్రశ్నా ఒక ఎత్తు. "తగ్గేదాకా ఈ అమ్మాయే మీ ఇంటికొచ్చి కట్టు కడుతుంది" అన్నారు దీవెనమ్మ గారు. అలాగని నాకు ముందుగా చెప్పలేదు.

రోజు విడిచి రోజు రేపల్లె బస్సెక్కి భట్టిప్రోలులో దిగేదాన్ని. శుభ్రంగా కడిగి, మందు రాసి, పుస్తకంలో ఉన్నట్టు కట్టు కట్టేదాన్ని. సీతారావమ్మ గోడకానుకుని నా చేతులనే చూస్తూ కూర్చునేది, మంచినీళ్లు కూడా ఇచ్చేది కాదు. పది రోజులు దాటినా పుండు మానే దారి పట్టలేదు. పాలిపోయి, తడిగా, పడ్డ చోటే పడి ఉంది. ఊళ్లో నాట్లు మొదలయ్యాయి. మందు మార్చాలి సిస్టర్ అని ఆవిడతో చెప్పాను. ఆవిడ మందు సంగతి పక్కనపెట్టి నాతో పాటు బస్సెక్కారు.

వెళ్లగానే పుండును ఒకసారి పరీక్షగా చూసి, మళ్లీ కట్టించి, "ఏం తింటున్నావమ్మా?" అని అడిగారు. నాగమణి అత్త వైపు చూసింది. "పథ్యం పెడుతున్నానండి. చారన్నం, రెండు రొట్టె ముక్కలు. పప్పు పెడితే చీము పట్టుద్ది గదా! గుడ్డు సరేసరి" అంది సీతారావమ్మ గర్వంగా. కోడలికి మంచి చేయాలనే ఆమె అంత కట్టడి చేసింది. నేను అన్నిసార్లు ఆ గడప తొక్కి, ఆ మాట ఒక్కసారి కూడా అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

దీవెనమ్మ గారు ఆమె పక్కనే చాప మీద కూర్చున్నారు. "అక్కా, కాలవగట్టుకి గండి పడితే మట్టి వెయ్యకుండా పూడుద్దా?" అన్నారు.

"మట్టెయ్యకుండా ఎట్టా పూడుద్దండి?"

"ఒంటికీ అంతే. పప్పు, గుడ్డు, పాలు, చేపముక్క, అదే మట్టి. నువ్వు గట్టు చుట్టూ కాపలా కాస్తున్నావు, మట్టి మాత్రం పడనియ్యట్లేదు."

"చీము పడితేనో?"

"నన్ను పిలిపించు. నీ ఎదురుగా కూర్చుని తిట్టించుకుంటా."

సీతారావమ్మ లేచి పొయ్యి వెలిగించి రెండు గుడ్లు ఉడకేసింది. మరో వారానికి పుండు అడుగున ఎర్రటి కండ కనిపించింది. ఆ ఎరుపు చూసి నేను పడిన సంతోషం ఏ మార్కులకూ పడలేదు. మొదటి నాట్లు నాగమణికి అందలేదు. ఆ సంగతి నేను మరిచిపోలేదు. వెనకబడిన పొలాల నాట్లకు మాత్రం వెళ్లింది. ఎడమ పక్క మచ్చ ఆమెకు ఉండిపోయింది.

ఏడాది తర్వాత సీతారావమ్మకే ఆపరేషన్ పడింది. పేర్లు రాసుకునే చోట గొడవ పెట్టుకుంటోందని నన్ను పిలిస్తే వెళ్లాను. నన్ను చూసి, "ఇదిగో ఈ పిల్లే. థియేటర్లో ఇది ఉంటేనే నేను పడుకుంటా" అంది. "కోడల్ని కాల్చింది నేనే కదా పిన్నిగారూ" అన్నాను. "తప్పులు అందరూ చేస్తారే. నువ్వైతే చెబుతావు" అంది. దీవెనమ్మ గారు వెనకే ఉన్నారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "పద, లెక్కలు మొదలుపెట్టు" అన్నారు, అంతే.

ఆవిడ పోయి రెండేళ్లయింది. ఇప్పుడు నా కింద ఆరుగురు నర్సులున్నారు, నన్ను చూస్తే వాళ్లకు కోపమేననుకుంటాను. ఆపరేషన్ అయిన మనిషి కళ్లు తెరిచే వేళకు మంచం పక్కన ఉంటాను. చెప్పడానికి ఏమీ లేని రోజులే ఎక్కువ. ఉన్న రోజున మొదటి మాట నేనే చెబుతాను.