పెయింటు మీద ఎర్త్

పొద్దున పదకొండు దాటింది. మొన్న పట్టిన ముసురు ఇంకా వదల్లేదు, షెడ్డు రేకుల మీద చిటపటమంటూనే ఉంది. ఫిట్టరు కడుపులో ఎలుకలు పరుగులు తీస్తున్నాయి. తెల్లారి తాగిన ఒక్క టీ తప్ప లోపలికి ఏమీ పోలేదు. తిండి డబ్బా ఎదురుగా బల్ల మీదే ఉంది గాని తెరవబుద్ధి కాలేదు. ఎలా తెరుస్తాడు? అవతల నీలం వ్యాను కింద బామ్మర్ది రెండు రోజులుగా వెల్లకిలా పడుకుని వెతుకుతున్న జబ్బు ఏమిటో, పొద్దున పళ్ళు తోముకుంటుంటే ఈయనకి గుర్తొచ్చింది మరి.

ఆ బామ్మర్దిని షెడ్డులో అందరూ చెవిటోడు అంటారు. చెవుడేం లేదు. మనుషులు పదిసార్లు పిలిచినా పలకడు, ఇంజను ఒక్కసారి దగ్గితే మటుకు పరిగెత్తుకొస్తాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొసని మోటారుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటాడు. వైరింగు పనిలో వాణ్ణి మించినోడు ఆ చుట్టుపక్కల లేడు. కానీ కాలు ఒకచోట నిలవదు. ముప్పై ఆరేళ్ళకే ఆరు షెడ్లు మారాడు. ఎక్కడా గొడవపడి రాడు, అలాగని చెప్పి కూడా రాడు. ఒకచోట ఓనరు మెచ్చుకుని భుజం తట్టిన మర్నాడే వచ్చేశాడట. ఎందుకురా అంటే గాలి ఆడలేదన్నాడట. తినేది నిలబడే తింటాడు. కూర్చుంటే మోకాలు ఊగుతూనే ఉంటుంది. అక్క ఇంటికొచ్చి ఏడాదైనా బట్టల సంచి విప్పలేదు, తలుపు వెనకాలే ఉంటుంది.

"ఏం బామ్మర్దీ, బస్సు ఎన్నింటికి?" అని ఫిట్టరు ఏడిపించేవాడు.

"లేటంట బావా," అని వాడు నవ్వేవాడు.

ఫిట్టరు పెళ్ళాం ఈ తమ్ముణ్ణి చిన్నప్పటి నుంచి ఎత్తుకుని పెంచింది. ఆమె మొగుణ్ణి చీర అడగలేదు, సినిమాకి తీసుకెళ్ళమని అడగలేదు. వాడు ఈ ఒక్కచోట కుదురుగా నిలబడేట్టు చూడండి చాలు, అంది. ఫిట్టరు షెడ్డాయన దగ్గర పూచీ ఉండి పనిలో పెట్టించాడు. పోయిన నెల ఒక వింత జరిగింది. చొక్కా తగిలించుకోడానికి గోడకి ఒక మేకు కొట్టుకోనా అక్కా, అని చెవిటోడు అడిగాడు. ఆ మాటకి ఆమె రోజంతా ఇల్లు తుడిచిందే తుడిచింది. సుత్తి ఫిట్టరే తెచ్చిచ్చాడు.

ఇక ఈ వ్యాను సంగతి. బడి పిల్లల్ని తిప్పే బండి. దాని ఇంజను చచ్చిపోతే, వేరే బండిలోంచి తీసిన కొత్త రకం ఇంజను ఎక్కించారు. పాత ఇంజను పెట్రోలు తనే లాక్కుని తాగేది. ఇది అలా కాదు, పెళ్ళికొడుకు లాంటిది, దగ్గరికి తెచ్చి నోట్లో పెట్టాలి. అందుకని వెనక ట్యాంకులో కరెంటు పంపు పెట్టారు. ఇంజను దించడం, ఎక్కించడం, పంపు బిగించడం ఫిట్టరు పని. వైర్లు చెవిటోడివి. పంపులోంచి కరెంటు తిరిగెళ్ళే ఎర్త్ వైరు ఒక్కటి మటుకు, ఎలాగూ ట్యాంకు దగ్గరే ఉన్నాను కదా అని ఫిట్టరే పక్కన ఛాసిస్‌కి, అంటే బండి ఇనప చట్రానికి, బోల్టుతో బిగించేశాడు.

ఇంతా చేస్తే ఏముంది, తాళం తిప్పగానే పంపు రెండు సెకన్లు గుయ్యిమని ఆగిపోయింది. ఇదేనా మీ పనితనం అని షెడ్డాయన ఎగిరాడు. అది జబ్బు కాదండీ, దాని గుణమే అంత, ఇంజను తిరిగితే మళ్ళీ ఆడుతుందని చెవిటోడు సర్దిచెప్పాడు. ఆడింది కూడా. ఇంజను అంటుకుంది. కానీ కాలితో తొక్కితే చాలు, గొంతుకి ఏదో అడ్డం పడ్డట్టు దగ్గి చచ్చిపోయేది.

వాడు పంపు వైరు ఊడదీసి టెస్టు లైటు పెడితే ధగధగా వెలిగింది. మళ్ళీ తగిలిస్తే పంపు దోమలా మూలుగుతుంది. పంపు ఆడుతుండగా రెండు వైర్ల మధ్య మీటరు పెట్టాడు. పన్నెండు రావాలి, ఎనిమిది వచ్చింది. నాలుగు ఓల్టులు దారిలో ఎవరో తినేస్తున్నారు. రిలే మార్చాడు. ఫ్యూజు మార్చాడు. బ్యాటరీ నుంచి లావుపాటి వైరు కొత్తగా లాగాడు. ఎనిమిదే. చివరికి పంపే మార్చి చూశారు. అదీ ఎనిమిదే.

మొదటి రోజే వాడు అడిగాడు. "ఎర్త్ నువ్వే బిగించావు కదా బావా. రుద్దావా?"

"రుద్దాను," అన్నాడు ఫిట్టరు.

ఎర్త్ అంటే ఇనుముకి ఇనుము తగలాలి. మధ్యలో తుప్పు ఉన్నా, పెయింటు ఉన్నా కరెంటు సరిగ్గా తిరిగి రాదు. ఈ ముక్క షెడ్డుకి నిన్న వచ్చినవాడికి కూడా తెలుసు. వైరుని నమ్మకు, మీటరుని నమ్ము అనేది చెవిటోడి మాట. బండి మొత్తం మీద వాడు మీటరు పెట్టని చోటు ఒక్కటే, అది బావ మాట ఉన్న చోటు.

ఫిట్టరు కావాలని అబద్ధం చెప్పలేదు. ఇరవై రెండేళ్ళుగా రుద్దే బిగిస్తున్నాడు, కాబట్టి రుద్దే ఉంటాననుకున్నాడు. ఆరోజు బోల్టు పెడుతుండగా ఆకలి దంచేసింది. ఛాసిస్‌కి నీలం రంగు కొత్తగా కొట్టి ఉంది. తినొచ్చి రుద్దుదాంలే అని చేత్తో తిప్పి వదిలేశాడు. తిన్నాక వచ్చి, పానా పెట్టి బిగించేశాడు. అదీ పొద్దున గుర్తొచ్చింది.

చెప్పేద్దామనే వచ్చాడు. వచ్చేసరికి షెడ్డాయన నలుగురి ముందు చెవిటోణ్ణి నిలబెట్టి ఉన్నాడు. సాయంత్రానికి బండి కదలాలి, పిల్లలు రెండు రోజులుగా వానలో నడిచిపోతున్నారు, అన్నాడు. "లేదంటే నీ సంచి సర్దుకో. సర్దే పని కూడా లేదటగా నీకు, తలుపు వెనకాలే రెడీగా ఉంటుందట." నలుగురూ నవ్వారు. ఆ సంచి జోకు షెడ్డుకి మోసుకొచ్చింది ఫిట్టరే. చెవిటోడు తల తిప్పి బావ వంక చూశాడు, మళ్ళీ బండి కిందకి దూరాడు.

ఫిట్టరుని అందరూ పెద్ద ఫిట్టరు, పెద్ద ఫిట్టరు అని పిలుస్తారు, ఎర్త్ రుద్దడం మర్చిపోయానని ఏ మొహంతో చెప్తాడు? బల్ల దగ్గరికి వెళ్ళాడు, వచ్చాడు. పానాలు తుడిచినవే తుడిచాడు. వాన తగ్గితే చెప్దామనుకున్నాడు, తగ్గలేదు.

మధ్యాహ్నం చెవిటోడు టీ తాగడానికి బయటికెళ్ళాడు. ఫిట్టరు చప్పుడు కాకుండా బండి కిందకి దూరి, బోల్టు వదులు చేసి, గరుకు కాయితంతో గబగబా రుద్దడం మొదలెట్టాడు. సగం అయిందో లేదో షెడ్డాయన కేకేశాడు. చేతికందినట్టు బిగించేసి, కాయితం జేబులో కుక్కుకుని బయటికొచ్చాడు.

చెవిటోడు వచ్చి మీటరు పెట్టాడు. పదిన్నర.

తీసి మళ్ళీ పెట్టాడు. పదిన్నరే. బాగైందిగా అన్నారు ఎవరో. వాడు వినలేదు. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి ప్రతి వైరూ లాగి చూశాడు, ప్రతి జాయింటూ విప్పాడు, చెమట మోచేతుల నుంచి కారుతోంది. చివరికి ఫిట్టరు పక్కకొచ్చి చతికిలబడ్డాడు. వాడు కూర్చోవడం ఆ షెడ్డులో అదే మొదటిసారి.

"జబ్బు ఉంటే పట్టుకుంటాను బావా. నేను ముట్టుకోకుండా దానంతటదే సగం తగ్గిందంటే, నాకు పని రాదన్నట్టే కదా."

అది చెప్పాల్సిన క్షణం. ఫిట్టరుకి తెలుసు.

"ఒక్కోసారి అవుతుందిలే అలా," అన్నాడు.

చెవిటోడి చూపు బావ చేతి మీద ఆగింది. గోళ్ళ సందుల్లో నీలం పొడి ఉంది. ఇంజను వినేటప్పుడు పెట్టే మొహం పెట్టి కాసేపు అలాగే చూశాడు. లేచి బండి కిందకి వెళ్ళి, పంపు ఆడుతుండగా మీటరు ఒక ముల్లు పంపు ఎర్త్ మీద, ఇంకో ముల్లు పెయింటు లేని ఛాసిస్ ఇనుము మీద పెట్టాడు. పోతున్న ఓల్టున్నర అక్కడే కనిపించింది. తర్వాత బోల్టు విప్పాడు. దాని కింద సగం తెల్లగా మెరుస్తోంది, సగం నీలంగా ఉంది.

కింద నుంచి చెయ్యి మటుకు బయటికొచ్చింది.

"బావా, ఆ గరుకు కాయితం ఇలా ఇవ్వు. నీ జేబులో ఉంది."

ఇచ్చాడు. రుద్దుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది, అవసరమైన దానికంటే ఎక్కువసేపు. తాళం తిప్పితే పంపు రెండు సెకన్లు గట్టిగా గుయ్యిమని ఆగింది. ఇంజను అంటుకుంది. ఎంత తొక్కినా దగ్గలేదు.

ఏమైంది దీనికి ఇన్నాళ్ళూ, అని షెడ్డాయన అడిగాడు. ఎర్త్ అండి, నేనే చూసుకోలేదు, అన్నాడు చెవిటోడు. రెండు రోజులు తిన్నావయ్యా దానికి, అని షెడ్డాయన ఇంకో నాలుగు మాటలు తగిలించాడు. వాడు చేతులు తుడుచుకుంటూ విన్నాడు. ఫిట్టరు పక్కనే నిలబడి విన్నాడు.

సంచి సర్దుకోవాల్సిన పని లేకపోయింది. ఇంట్లో వాడు మామూలుగానే ఉన్నాడు, అక్కతో కబుర్లు చెప్పాడు. ఫిట్టరే ఉండలేకపోయాడు. తర్వాతి మూడు రోజుల్లో మూడుసార్లు ఒరే అని పిలిచాడు. వాడు చెప్పు బావా అని తిరిగేసరికి, టార్చి ఎక్కడ పెట్టావనో, రేపు వాన ఉంటుందంటావా అనో అడిగి ఊరుకున్నాడు. బస్సు జోకు మాత్రం మళ్ళీ వెయ్యలేదు.

నాలుగో రోజు పొద్దున ఫిట్టరు లేచేసరికి పెళ్ళాం తలుపు దగ్గర నిలబడి ఉంది. తలుపు వెనక సంచి లేదు. చొక్కా లేదు. గోడకి మేకు ఉంది.

"మీరేమైనా అన్నారా వాణ్ణి?" అంది.

"ఏమీ అనలేదు."

అందులో అబద్ధం లేదు. ఆమె లోపలికెళ్ళింది. ఫిట్టరు మొహం కడుక్కుని, చెప్పులేసుకుని వచ్చేసరికి, అలవాటు కొద్దీ కట్టిన రెండు డబ్బాలూ గడప దగ్గర పెట్టి ఉన్నాయి. ఒకటి తీసి లోపల పెట్టడానికి చెయ్యి రాలేదు. రెండూ పట్టుకుని షెడ్డుకి నడిచాడు.