డిక్కీలో పెట్టె: రియాద్ నుంచి దమ్మామ్‌కు ఒక ములాఖాత్ ప్రయాణం

రియాద్ నుంచి దమ్మామ్‌కు ఎలా వెళ్ళాలో చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. సముద్రం ఒడ్డున నడక, చేపల మార్కెట్టు, కాస్త ముందుకు పోతే బహ్రెయిన్ వంతెన. నేను వెళ్ళింది వాటిలో దేనికోసమూ కాదు. మా తమ్ముడి కొడుకు ఇమ్రాన్, పదిహేనేళ్ళవాడు, అక్కడ తప్పు చేసిన పిల్లల్ని ఉంచే గృహంలో ఉన్నాడు. ఇలాంటి పనిమీద వెళ్ళేవాళ్ళు ఫొటోలు పెట్టరు, వివరాలు రాయరు. అందుకే నాకు ఏ సమాచారమూ దొరకలేదు, ఎవరినైనా అడగాలంటే సిగ్గు. ఆ సిగ్గు పక్కనపెట్టి రాస్తున్నాను. పేర్లు మాత్రం మార్చాను.

ముందు జరిగింది చెబుతాను. మా తమ్ముడు మస్తాన్ దమ్మామ్‌లో ఏసీ టెక్నీషియన్. ఒక శుక్రవారం నమాజు నుంచి వచ్చి, తిని పడుకున్నాడు. ఇమ్రాన్ తండ్రి కారు తాళాలు తీసుకుని ఇద్దరు స్నేహితులతో గోదాముల వెనకున్న ఖాళీ రోడ్డుకు పోయాడు. వేగంగా పోతూ స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పి బండిని పక్కకు జారించడం ఇక్కడి కుర్రాళ్ళకు పెద్ద ఘనకార్యం. మావాడి ఘనకార్యం ఆగి ఉన్న ఒక వ్యానుకు తగిలి ఆగింది. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బలు లేవు. పోలీసుల లైటు కనపడగానే ఆ ఇద్దరూ ఉన్నచోటే నిలబడ్డారు. వీడు కారు వదిలేసి పరుగెత్తి, గోడ దూకి, చివరికి దొరికాడు. ఆ ఇద్దరి తండ్రుల్ని పిలిపించి, మందలించి, పిల్లల్ని ఇళ్ళకు పంపారు. పారిపోయినవాడు లోపల ఉండిపోయాడు.

తల్లి రేష్మా రెండుసార్లు వెళ్ళి చూసి వచ్చింది. మస్తాన్ ఒక్కసారి కూడా వెళ్ళలేదు. తండ్రి వచ్చి మాట్లాడితే తప్ప జడ్జికి పంపాల్సిన రిపోర్టు తయారు కాదని అక్కడివాళ్ళు చెప్పారట. అయినా కదల్లేదు. అప్పుడు రేష్మా నాకు ఫోన్ చేసింది.

"వదినా, వాడు బయటికి వచ్చిన రోజే ఎయిర్‌పోర్టుకు తీస్కపోతాడంట. ఎగ్జిట్ కొట్టించి మదనపల్లె హాస్టల్లో వేస్తాడంట. నా మాట వింటే గదా! నువ్వొచ్చి చెప్తే వింటాడేమో."

ఎగ్జిట్ అంటే ఇక్కడ ఉండే హక్కు ముగించుకుని దేశం విడిచి పోవడం. ఇమ్రాన్ ఇక్కడే పుట్టాడు. మదనపల్లె వాడికి సెలవుల్లో చూసిన ఊరు. తల్లీ తండ్రీ ఇక్కడ, వాడొక్కడూ అక్కడ. మంగళవారం చూడనిస్తారని తెలుసుకుని, నువ్వూ రావాల్సిందేనని మస్తాన్‌కు ఫోన్లో చెప్పి, బడికి సెలవు పెట్టాను. నేను టీచర్ని, సెలవు అడిగితే ఇంట్లో శుభకార్యమా అని అడిగారు.

రైలు టికెట్ ముందే ఫోన్లో తీసుకోండి, చివరి నిమిషంలో దొరకదు. నాకు వంద రియాళ్ళకు కాస్త పైన పడింది. ఇఖామా, అంటే ఇక్కడి నివాస కార్డు, దాని నంబరు సరిగ్గా కొట్టారో లేదో చూసుకోండి, గేటు దగ్గర అదే అడుగుతారు. స్టేషన్‌కు ట్యాక్సీ ముప్ఫై రియాళ్ళు. డ్రైవరు జగిత్యాల మనిషి. తెలుగు వినగానే ఎక్కడికి, ఎందుకు అని అడిగాడు. తెలియని మనిషే కదా అని ఉన్నది చెప్పేశాను.

"నా కొడుకు ఊర్లనే ఉంటడు మేడమ్," అన్నాడు. "వీడియో కాల్ల తిడితే ఫోన్ బోర్ల పెడ్తడు. కొడుకును పక్కన పెట్టుకున్నోళ్ళకు గీ బాధ లేదనుకున్న. మీ ముచ్చట ఇంటే నేనే నయమున్న."

నవ్వొచ్చింది. ఆ రోజు మళ్ళీ నవ్వింది లేదు.

రైలు ప్రయాణం నాలుగు గంటలకు కాస్త తక్కువే. పొద్దున బండి అయితే మధ్యాహ్నానికి దిగొచ్చు. హొఫూఫ్ దగ్గర ఖర్జూరపు తోటలు వచ్చేదాకా కిటికీలో ఇసుక తప్ప ఏమీ ఉండదు కాబట్టి ఆలోచించుకోవడానికి సమయం దండిగా ఉంటుంది. మా క్లాసు మగపిల్లలే గుర్తొచ్చారు. బడి, ఫ్లాటు, మళ్ళీ బడి. ఎండాకాలం సెలవుల్లో అదీ లేదు, ఫ్లాటు ఒక్కటే. తండ్రికి ఓవర్‌టైమ్, తల్లికి భయం. ఆడుకునే చోటు దొరకని పిల్లవాడికి కారున్న స్నేహితుడు దొరుకుతాడు. వీళ్ళలో చెడ్డవాళ్ళని నేను పెద్దగా చూడలేదు. విసిగిపోయినవాళ్ళను మాత్రం ప్రతి ఏడూ చూస్తున్నాను. వాళ్ళను అదుపులో పెట్టడానికి మనవాళ్ళ చేతిలో ఉన్న మంత్రం ఒక్కటే. మార్కులు తగ్గితే ఎగ్జిట్ కొట్టిస్తా, ఫోన్ పట్టుకుంటే ఎగ్జిట్ కొట్టిస్తా. ఊళ్ళో చంటిపిల్లలకు బూచాడిని చూపించినట్టు ఇక్కడ ఎగ్జిట్‌ను చూపిస్తారు. పేరెంట్స్ మీటింగులో నా ఎదురుగానే అంటారు.

స్టేషన్ బయట మస్తాన్, రేష్మా రిపేరు చేయించిన ఆ కారులోనే ఉన్నారు. వాడు సగం చిక్కిపోయాడు. నా సంచి పెట్టడానికి డిక్కీ తెరిస్తే లోపల నీలం రంగు పెద్ద పెట్టె ఉంది, తాళం వేసి.

"ఇదేందిరా?"

"వాని బట్టలు."

"ఈ పొద్దు వదిలిపెడతామన్నారా?"

"ఎప్పుడు వదుల్తారో ఎవురికి తెల్సు? తయారుగా ఉండాల గదా అక్కా."

నాకు ఒళ్ళు మండింది. "నువ్వు కొడుకును చూడ్డానికి పోతాండావా, పార్సిల్ తీస్కరాను పోతాండావా?" అన్నాను. వాడు డిక్కీ మూసేశాడు. రేష్మా ముందు సీట్లో తల తిప్పకుండా కూర్చుంది. ఆమె వండి తెచ్చిన కోడికూర క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని ఉంది. చెప్పాల్సిన సంగతి: ఇంటి తిండి లోపలికి రానివ్వరు. ఆ క్యారియర్ గేటు దగ్గరే ఆగిపోయింది. ఫోన్లూ అక్కడే ఇచ్చేయాలి.

బయట నుంచి చూస్తే మామూలు బడిలా ఉంది, గోడ మాత్రం ఎత్తు. ఒరిజినల్ ఇఖామాలు చూసి లోపలికి పంపారు. పిల్లవాడిని కలవడానికి తల్లిదండ్రులకే అనుమతి, మేనత్తకు లేదన్నారు. అయితే ముందు సోషల్ వర్కర్ గదిలో ముగ్గురినీ కూర్చోనిచ్చారు. తెల్లటి పొడుగు థోబ్ వేసుకున్న నడివయసు మనిషి, గహ్వా, అరబ్బుల కాఫీ, పోసి ఖర్జూరాలు ముందుకు జరిపాడు. అరబీలో మాట్లాడాడు. పద్దెనిమిదేళ్ళ పనిలో మస్తాన్‌కు అరబీ బాగానే వచ్చు, నాకోసం వాడే తెలుగులో చెబుతూ పోయాడు. పొద్దున పాఠాలు, సాయంత్రపు అసర్ నమాజు తర్వాత ఫుట్‌బాల్, వారానికి కొన్ని రోజులు చేతిపని. ఇమ్రాన్ ఇంజను విప్పడం నేర్చుకుంటున్నాడు. గొడవలు లేవు, కానీ మాట్లాడడు.

తర్వాత ఆయన ఒక ప్రశ్న అడిగాడు. మస్తాన్ నా వైపు తిరిగాడు.

"ఇద్దరు నిలబడినారంట అక్కా. మీవాడు ఎందుకు పరిగెత్తినాడని అడుగుతాండాడు."

"చెప్పు మరి."

"నాకేం తెల్సు?" అన్నాడు. ఆ మాట ఆయనకు అరబీలో చెప్పాడు. ఆయన లేచి ములాఖాత్ గది తలుపు చూపించాడు.

నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. అరగంట ఇస్తామన్నారు, మస్తాన్ అంతకంటే చాలా ముందే ఒక్కడే బయటికొచ్చాడు. నా పక్కన కూర్చుని రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు.

"ఏమన్నాడురా?"

"సలాం చెప్పినాడు. కూర్చున్నాడు. నా మొగం చూసి 'నాయనా, పెట్టె తెచ్చినావా?' అన్నాడు."

"వాడికి ఎవరు చెప్పారు?"

"ఎవురు చెప్పాల? నేనే గదా చిన్నప్పట్నుంచి చెప్తాండేది. పోలీసులు పట్టుకుంటే నాయన ఎగ్జిట్ కొట్టిస్తాడని పరిగెత్తినాడంట. వాళ్ళమ్మను అడుగుతాండాడు, నువ్వన్నా ఎయిర్‌పోర్టు దాకా వస్తావా అని."

"నువ్వేమన్నావు?"

"ఏమంటా అక్కా? పెట్టె డిక్కీలో ఉండాది. లేదని అబద్ధం చెప్పలేక, ఉందని నోరు రాక, లేసొచ్చేసినా."

దారి పొడుగునా వాడిని తిట్టడానికి దాచుకున్న మాటలు ఒక్కటీ నా నోటికి రాలేదు. తమ్ముడు ఏడవడం నేను మా నాయన పోయినప్పుడు చూశాను, మళ్ళీ ఇదే. వాడి వీపు నిమురుతూ కూర్చున్నాను.

కాసేపటికి వాడే లేచి సోషల్ వర్కర్ గదికి వెళ్ళాడు. తలుపు తెరిచే ఉంది. అరబీలో ఏదో బతిమాలుతున్నట్టు మాట్లాడాడు. తర్వాత నాకు చెప్పాడు: పెట్టె తెచ్చిన మాట నిజమే, కానీ తిరిగి ఇంటికే తీసుకుపోతున్నానని పిల్లవాడికి చెప్పండి అని అడిగాడట. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నేను చెప్పనన్నాడక్కా. మీరే చెప్పండన్నాడు." ఆయనే లేచి ములాఖాత్ గది తలుపు మళ్ళీ తీయించాడు.

ఈసారి మస్తాన్ గంట మోగేదాకా లోపలే ఉన్నాడు.

సాయంత్రం రైలుకు ఇంకా వ్యవధి ఉంటే వాళ్ళింటికి వెళ్ళాం. మస్తాన్ ఆ పెట్టెను మూడో అంతస్తుకు ఒక్కడే మోశాడు, పట్టుకుంటానన్నా ఒప్పుకోలేదు. రేష్మా అందులోని చొక్కాలు ఒక్కొక్కటే తీసి బీరువాలో సర్దింది. అడుగున ఒక కొత్త స్వెటర్, ధర చీటీ కూడా తీయనిది. మదనపల్లెలో చలి అని మస్తాన్ కొన్నాడట. అంత కోపంలోనూ కొడుక్కి చలేస్తుందని గుర్తుంది వాడికి. రేష్మా దాన్ని చూసి వెక్కి వెక్కి ఏడ్చింది, తర్వాత లేచి అన్నం పెట్టింది. గేటు దగ్గర ఆగిన కోడికూరే ముగ్గురం తిన్నాం.

ఇమ్రాన్ ఇంకా లోపలే ఉన్నాడు. జడ్జి ఏమంటాడో తెలియదు. మస్తాన్ ప్రతి మంగళవారం వెళ్ళి కూర్చుంటున్నాడు, ఓవర్‌టైమ్ మానుకున్నాడు. తప్పు చేసిన పిల్లవాడికి శిక్ష ఉండకూడదని నేను అనను. ఆ వ్యాను పక్కన ఎవరైనా నిలబడి ఉంటే ఈ రాత ఇలా ఉండేది కాదు. కానీ భయపెట్టి పెంచితే వాడు తప్పు దగ్గర ఆగలేదు, తప్పు ఒప్పుకోవాల్సిన చోట మాత్రం ఆగకుండా పరుగెత్తాడు. బడిలో నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు ఎగ్జిట్ కొట్టిస్తా అని పిల్లల్ని బెదిరిస్తే ఇప్పుడు నేను ఊరుకోవడం లేదు. మా తమ్ముడి కథ చెబుతున్నాను, వాడి అనుమతితోనే.

ఇలాంటి ప్రయాణం మీకు పడితే ఒక్క సలహా: వెళ్ళేముందు కారు డిక్కీ తెరిచి చూడండి. అందులో పెట్టె ఉంటే ఇంట్లో దించేసి బయలుదేరండి.