పెద్దమ్మ కూర్చునే వచ్చింది

మా ఇళ్లలో పోయినవాళ్లను కాల్చరు. పడుకోబెట్టి పూడ్చరు కూడా. మెడలో లింగకాయ కట్టుకునే వంశం మాది. బాసింపట్టు వేయించి, వెన్ను నిటారుగా ఉంచి, కూర్చున్న మనిషిని కూర్చున్నట్టే గుంతలోకి దించుతారు. అచ్చంపేట అవతల మా మిరపచేలో పెదనాన్న అలాగే ఉన్నాడు. ఆయనకి ఎదురుగా తనను కూర్చోబెట్టమని పెద్దమ్మ నేను విసుక్కునేదాకా చెప్పేది. పిల్లల్లేని ఆవిడ నన్ను పెంచింది. నేను మాటిచ్చాను.

ఆ పెద్దమ్మ నెల్లాళ్లు ఉందామని పుణెలో నా దగ్గరికి వచ్చి, పదహారో రోజు పొద్దున్నే ఆసుపత్రిలో గుండె ఆగి పోయింది.

ఏడవడానికి కూడా టైము లేదు. నర్సు అప్పుడే కాళ్లు చాపించి, బొటనవేళ్లు రెండూ కలిపి గుడ్డ కడుతోంది. "విప్పండి!" అని అరిచాను. పోయిన మనిషి కొన్ని గంటల్లో బిగుసుకుపోతుంది, ఎలా ఉంచితే అలాగే. ఆ తర్వాత కూర్చోబెట్టాలంటే కీళ్లు విరవాలి. మా ఊళ్లో ఒక ముసలాయనకి ఆ పని చేశారు. ఆ చప్పుడు చిన్నప్పుడు విన్నాను. పెద్దమ్మకి అది జరగనిచ్చే ప్రశ్నే లేదు.

విమానంలో పంపాలంటే మందు ఎక్కించి, చెక్కపెట్టెలో పడుకోబెట్టాలట. వద్దన్నాను. అంబులెన్సుల్లో ఫ్రీజరు పెట్టె ఉంది గానీ అందులోనూ పడకే. ముగ్గురు డ్రైవర్లు నాకు మతిపోయిందనుకుని ఫోను పెట్టేశారు. ఊళ్లో ఉన్న బాబాయికి ఫోను చేస్తే ఆయనదీ అదే పాట.

"ఏందే నువ్వు చెప్పేది? అంత దూరం కూచోబెట్టి ఎట్టా తెస్తావు? ఆడే కాల్చి బూడిద పట్టుకురా, కృష్ణలో కలుపుదాం."

"కాల్చను బాబాయ్. నువ్వు గుంత తవ్వించు."

"చానా మొండిదానివే నువ్వు" అని పెట్టేశాడు.

నాలుగో డ్రైవరు మాత్రం ఎలా కూర్చోవాలని హిందీలో అడిగాడు. ఆసుపత్రి వరండాలో కిందే బాసింపట్టు వేసుకుని చూపించాను. జనం చూశారు, చూడనీ. ఆయన తలూపాడు. సోలాపూర్ పక్కన వాళ్ల ఊళ్లోనూ ఇంతేనట! కాళ్లు మొక్కబోతే వెనక్కి జరిగి, ముందు పని కానివ్వమన్నాడు. ఫ్రీజరు పెట్టె దింపేసి ఒక వెడల్పాటి చెక్క తెచ్చాడు. పెద్దమ్మ ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. కుడికాలు నేను మడిచాను, ఎడమకాలు ఆయన మడిచాడు. వీపుకి చెక్క ఆనించి, రొమ్ము దగ్గరా నుదుటిపైన జుట్టు దగ్గరా ఆవిడ నేతచీరలతోనే కట్టాం. గడ్డం కింద మెత్తటి గుడ్డ, నుదుటికి విభూతి. చుట్టూ ఐసు సంచులు. డాక్టరు సర్టిఫికెట్ చేతికివ్వగానే బయల్దేరాం.

ఐసు కరిగినప్పుడల్లా ఆగి కొత్త సంచులు కొన్నాం. కుదుపుకి పెద్దమ్మ ఎక్కడ ఒరిగిపోతుందోనని ఆయన బండిని ఎడ్లబండిలా నడిపాడు. ఒక చెక్‌పోస్టులో పోలీసాయన తలుపు తెరిచి, విభూతి నుదురుతో దర్జాగా కూర్చున్న మనిషిని చూసి, చేతులెత్తి దణ్ణం పెట్టి, అమ్మగారు ఎక్కడికి వెళ్తున్నారని అడిగాడు. కాగితం ఇచ్చాం. రెండుసార్లు చదువుకుని ఇంకోసారి దణ్ణం పెట్టాడు. ఆ పరిస్థితిలో నవ్వొచ్చింది నాకు.

వాడపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే తెల్లవారింది. "పెద్దమ్మా, మనవైపు వచ్చేశాం" అని గట్టిగానే చెప్పాను.

చేలో బాబాయి, ఊళ్లోవాళ్లు నిలబడి ఉన్నారు. గుంత సిద్ధంగా ఉంది, ఆరడుగుల పొడుగున!

"ఏంది బాబాయ్ ఇది?"

"ఎట్టొచ్చినా పడుకునే వస్తది గదా అనుకున్నా."

వెళ్లి బండి తలుపులు రెండూ బార్లా తెరిచాను. పెద్దమ్మ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, తల ఎత్తి కూర్చుని ఉంది. వెంట్రుకవాసి కదల్లేదు. "వదినా" అన్నాడు బాబాయి. తర్వాత కండువాతో కళ్లు తుడుచుకుని కేకేశాడు: "ఒరేయ్, ఆ గుంత పూడ్చండిరా! అన్నకి ఎదురుగా ఇంకోటి తవ్వండి!" నాకప్పుడు దుఃఖం కాదు, గర్వం వచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

గుంత పూర్తయ్యేసరికి ఎండెక్కింది. మా ఇళ్లలో ఆడవాళ్లు గుంత అంచు దాకా పోరు. నేనూ గట్టు మీదే ఆగిపోయాను. లోపలికి దిగడానికి పంచెలు ఎగ్గట్టుకున్న ఇద్దర్ని బాబాయి చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"ఏమే, ఆడే నిలబడ్డావేంది? అంత దూరాన్నించి కూచోబెట్టి తెచ్చింది నువ్వు. ఈడ కూచోబెట్టేదానికి ఇంకెవరు? దిగు."

ఆ ఇద్దరూ పక్కకి తప్పుకున్నారు. చెప్పులు విప్పి దిగాను. పైనుంచి పెద్దమ్మను నా చేతుల్లోకి దించారు.