చెంబు పులి

ఆ రోజుల్లో మా పటాన్‌చెరులో ఫ్యాక్టరీలు లేవు. జొన్నచేలుండేవి, నాకు బోలెడంత పొగరుండేది. పద్దెనిమిదేళ్ల వయసులో, లోకంలోని రంగులన్నీ నాకోసమే పుట్టాయని, నన్ను ఆపుతున్నది ఒక్క చెంబేనని గట్టిగా నమ్మేవాణ్ణి. ఆ చెంబు మా ఉస్తాదుది. ఆయన సంగారెడ్డి బజారులో దుకాణాలకు బోర్డులు రాసేవాడు, గోడల మీద బొమ్మలు వేసేవాడు. పని నేర్చుకుందామని చేరిన రోజునే తాను నీళ్లు తాగే ఇత్తడి చెంబు నా ముందు పెట్టి, చేతికో బొగ్గుముక్క ఇచ్చి "గియ్యి" అన్నాడు. గీశాను. తుడిపేశాడు. ఎండాకాలం పోయింది, వానలొచ్చాయి, నేనింకా చెంబు దగ్గరే ఉన్నాను. (మా అమ్మ మాత్రం నన్ను పెయింటరనే చెప్పుకునేది. చెంబు సంగతి ఇంటిగుట్టు.) "రంగెప్పుడు ఉస్తాద్?" అంటే, "పైలే లకీర్ బేటా, బాద్ మే రంగ్. గీత రాకుంట రంగేస్తె, బిడ్డ పుట్టకముందే కుల్ల కుట్టినట్టు. నేన్ చెప్పకముందు కుంచె ముట్టినవో, ఇగ నా దుకాన్ మెట్టెక్కకు" అనేవాడు.

అంతలో పీర్ల పండుగ వచ్చింది. మోకాలినొప్పి తగ్గితే పులివేషం కట్టి ఎగురుతానని మా మేనమామ పీరుకు మొక్కుకున్నాడు. (తగ్గిందో లేదో పీరుకూ మామకూ మాత్రమే తెలియాలి.) ఒళ్లంతా రంగు పూసి, పొట్ట మీద పులి మొహం గీయాలి. "ఇంట్లనే పెయింటరుండంగ బయటోనితోని పనేందిరా?" అన్నాడు. పొట్ట విషయంలో మామకు దేవుడు ఏ లోటూ చేయలేదు. అంత వెడల్పు గోడ మళ్లీ దొరకదనిపించి, ఉస్తాదు మాట గాలికొదిలి కుంచె పట్టాను.

పసుపు రంగు పూశాను, చారలు గీశాను. పొట్ట దగ్గర చెయ్యి ఆగిపోయింది. పులి మొహం ఎక్కడ మొదలవుతుందో నాకేం తెలుసు? తెలిసిందల్లా ఒక్కటే. ముందు గుండ్రం వేశాను. మెడ, దాని పైన అంచు వాటంతటవే వచ్చేశాయి. చెవులుండాల్సిన చోట చెంబు మూతి తేలింది. కంగారులో దానికే కళ్లు, మీసాలు పెట్టేశాను.

"ఎట్లొచ్చిందిరా?"

"పులే మామా."

మామ డప్పుల మధ్యకు దూకగానే ఒకావిడ, "ఓయమ్మ, చెంబుకు మీసాలొచ్చినయే!" అని అరిచింది. జనం పడీపడీ నవ్వారు. మెచ్చుకుంటున్నారనుకుని మామ ఇంకా ఎగిరాడు. పొట్ట ఊగింది, చెంబు కన్నుకొట్టింది, డప్పులవాళ్లు దరువు తప్పారు. అప్పుడే గుంపులో ఉస్తాదు కనబడ్డాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, వంగి, మామ పొట్టను తీరిగ్గా చూశాడు.

"పులి బేకార్. చెంబు మాత్రం జబర్దస్త్. మూతి సుత సక్కగ కుదిరింది. రేపటికెల్లి కుంచె పట్టు."

మరుసటి పండుగకల్లా పని నా చేతికొచ్చింది. నోరు తెరిచిన అసలుసిసలు పులిని వేశాను. అద్దంలో చూసుకుని మామ మొహం మాడ్చాడు. "గిదేందిరా? గిట్లాంటి పులులు ఊరంత ఉన్నయి. నా చెంబు పులేది? జనం దానికోసమే వస్తరు!" తుడిచి మళ్లీ వేశాను. చెంబు వచ్చింది, పులి వచ్చింది, రెండూ కలిసి మాత్రం రాలేదు. కళ్లు వద్దన్నా సరైన చోటే కూర్చున్నాయి. మామ ఆ ఏడు అలిగే ఎగిరాడు.

మామ ఇప్పుడు లేడు, ఉస్తాదూ లేడు. ఎవరూ చూడనప్పుడు బొగ్గుముక్క తీసుకుని ఆ చెంబు పులి కోసం ఇప్పటికీ ప్రయత్నిస్తుంటాను. రాదు. గీత రాని ఆ పొగరుబోతు ఒక్కసారి వచ్చి వేసిపెడితే బాగుండు అనుకుంటాను. అనుకుని నవ్వితే, మామదంత కాకపోయినా, నా పొట్టా కొంచెం ఊగుతుంది.